తుఫాను మార్గంలో కిటికీ సినిమా

పొద్దుటి నుంచి హైమవతి చేతిలో ముగ్గురు బతికారు.

మొదటివాడు బాక్సరు. నూరేళ్ళు దాటిన నలుపు తెలుపు హాలీవుడ్ బొమ్మలో బరిలో పడి మళ్ళీ లేవనివాడు. పేరు తెలియని వీక్షకుడొకరికి తూకం తక్కువ కావడంతో వాడు లేచి, దుమ్ము దులుపుకుని, పెళ్ళాం దగ్గరికి నడిచి వెళ్ళాడు. రెండోవాడు ఓడతోపాటు మునగవలసిన ముసలి కెప్టెను. మూడోది ఒక కుక్క. కుక్కని బతికించడం తేలికనుకుంటారు గానీ తోక దగ్గరే అతుకు బయటపడుతుంది. యంత్రానికి మనిషి నవ్వు చేతనైంది, కుక్క తోక మాత్రం ఇప్పటికీ పట్టుబడలేదు. హైమ ఆ తోకతో చాలాసేపు అవస్థ పడి, ఆఖరికి కుక్కని బల్ల వెనక్కి తోయించి, పలక మీద బొటనవేలు నొక్కి మనిషి ముద్ర వేసింది.

ఒద్దిక శాఖలో ఆమె అతుకుల పరీక్షకురాలు. హోదా అది. లోపల అందరూ తమని దర్జీలనే చెప్పుకుంటారు. కొలత తీసేదీ, కత్తిరించేదీ, కుట్టేదీ యంత్రమే. సినిమా చూడటానికి ఎవరికి వాళ్ళు పెట్టుకునే కంటిపొర వాళ్ళ కన్నీళ్ళ కబురు శాఖకి చేరవేస్తుంది. దాన్నిబట్టి ఎవరు ఎంత దుఃఖం మోయగలరో తూకం కడుతుంది యంత్రం. తూకానికి మించిన చావులూ ఎడబాట్లూ తీసేసి, ఆ మనిషికి ఒదిగే ప్రతిని, అంటే ఒద్దికని, కుట్టి పెడుతుంది. అతుకు కనబడకుండా ఉందో లేదో చూసి ముద్ర వేయడానికి మాత్రం మనిషి కావాలి. పాపంలో మనిషికీ వాటా ఉండాలనుకున్నారు కాబోలు చట్టం చేసినవాళ్ళు. తిలా పాపం తలా పిడికెడు.

తూకాలు మారుతుంటాయి గనక ఒక్కో బొమ్మని రెండుసార్లు కొత్తగా కుట్టి వేస్తారు. రెండోసారి ప్రతులన్నిటికీ ముద్రలు పడ్డాక మూలాన్ని శాశ్వతంగా చెరిపేసే కరిగింపుకు పంపేస్తారు. ఒకే బొమ్మకి రెండు ముగింపులుంటే ఇళ్ళల్లో గొడవలొస్తాయని కారణం చెబుతారు. రెండేమిటి, ఊళ్ళో ఎన్ని జతల కళ్ళున్నాయో అన్ని ముగింపులున్నాయి. ఆదివారం సాయంత్రం ఉమ్మడి వేళలో, సముద్రపు గోడ చాటునున్న కాకినాడ అంతా ఒకే పేరున్న సినిమా చూస్తుంది, ఎవరి కథ వాళ్ళది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనేవారు వెనకటికి. ఇప్పుడు ఊరంతా ఉలిపికట్టెలే. సినిమా అయ్యాక దాని గురించి ఎవరూ పక్కవాళ్ళతో మాట్లాడరు. మాట్లాడితే ఏమవుతుందో హైమకి బాగా తెలుసు.

కుక్క తరవాత వచ్చింది ఆ సాయంత్రపు ఉమ్మడి వేళ బొమ్మ. పలక మీద మొదటి దృశ్యం పడగానే హైమ సర్దుకుని కూర్చుంది. మంచు, ఒక ఇల్లు, మేడ మీద కిటికీ. దానికి అమెరికా వాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. హైమకి మాత్రం అది కిటికీ సినిమా.

ఆ పేరు పెట్టింది ఆమె మేనమామ త్రినాథం. పోర్టులో క్రేను నడిపేవాడు. పరాయి ఓడల నావికులతో స్నేహం కట్టి, వాళ్ళకి ఎండుచేపల వేపుడు తినిపించి, బదులుగా పాత హాలీవుడ్ సినిమాలు సంపాదించుకొచ్చేవాడు. క్వార్టర్సు గోడకి తెల్ల పంచె కట్టి వాటిని వేసేవాడు. అతనికి వచ్చిన ఇంగ్లీషు నావికులు నేర్పిందే, అందులోనూ సగం బూతులు. అయినా ఏమాత్రం తగ్గకుండా, తెర మీద పెదవులు కదిలినప్పుడల్లా పక్కనున్న మేనకోడలికి తెలుగులో చెప్పుకుపోయేవాడు. ఆ టోపీలాయన పచ్చి మోసగాడనీ, ఆ పిల్ల వాణ్ణి నమ్మి చెడిందనీ, వాళ్ళ నాన్న కోటిపల్లి కరణంలా జిడ్డు మనిషనీ. హాలీవుడ్ మహా మహా తారలందరూ హైమ చెవికి ముందు కాకినాడ యాసలోనే మాట్లాడారు.

కిటికీ సినిమాలో ఒక తల్లి జబ్బుపడి మేడ మీద మంచం పట్టి ఉంటుంది. కింద మంచులో కూతురు ఆడుకుంటూ ఉంటుంది. తల్లి కిటికీ అద్దం మీద వేలితో తడితే పిల్ల తలెత్తి నవ్వుతుంది. సినిమా అంతా దాదాపు అంతే. ఆఖర్న పిల్ల తలెత్తేసరికి కిటికీలో తల్లి ఉండదు. నర్సు చెయ్యి ఒకటి వచ్చి పరదా లాగేస్తుంది. పిల్ల అలా చెయ్యి ఊపుతూనే ఉంటుంది. సంగీతం కూడా ఉండదు.

హైమ తల్లి మాణిక్యం జ్వరంతో పోయింది. ఆ ఏడే హైమ ఆ సినిమా మొదటిసారి చూసింది. బడికి కూడా వెళ్ళని వయసు. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు, పిల్ల మామయ్య పాలబడింది. పరదా పడగానే హైమ, ఆ పిల్ల వాళ్ళమ్మ ఏదని అడిగింది. త్రినాథం గొంతు సవరించుకుని, కిందికి వస్తోందమ్మా, మెట్ల మీద ఉంది, అందుకే కిటికీలో కనబడటం లేదు అన్నాడు. ఆ మాటతో పిల్ల నిద్రపోయింది. చాలా ఏళ్ళు ఆ మాటతోనే నిద్రపోయింది.

ఇంగ్లీషు వచ్చాక ఒకనాడు తనంతట తనే వేసుకుని చూసింది. తల్లి ఇక బతకదని తెర మీద డాక్టరు చెప్పడం విన్నది. మామయ్య డ్యూటీ నుంచి వచ్చేదాకా గుమ్మంలో కూర్చుని, రాగానే నిలదీసింది. అతను బుకాయించలేదు. "నోటిమాట వరకే నాది. బొమ్మని నేను ముట్టుకోలేదు కదే. నీకు ఊహ తెలిసేక నువ్వే చూసుకుంటావని అలాగే ఉంచేను," అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ మళ్ళీ మొదటినుంచీ చూశారు. పరదా పడ్డప్పుడు ఇద్దరూ ఏడ్చారు. మాణిక్యం కోసం ఆ ఇద్దరూ కలిసి ఏడ్చింది అదొక్కసారే.

తరవాత సేకరణవాళ్ళు వచ్చి, భద్రం చేస్తామని ఇళ్ళల్లో సినిమాలన్నీ పట్టుకుపోయారు. భద్రంగానే ఉంచారు, కరిగించే దాకా.

మొన్న వానాకాలంలో కిటికీ సినిమా ఉమ్మడి వేళకి వచ్చింది. హైమ మామయ్య ఇంటికి వెళ్ళి పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఎవరి కంటిపొర వాళ్ళు పెట్టుకున్నారు. హైమకి కుట్టిన ప్రతిలో తల్లి కిటికీలోంచే చెయ్యి ఊపింది, బొమ్మ అక్కడితో అయిపోయింది. పక్కన మామయ్య చప్పట్లు కొట్టాడు. ఎలా దిగొచ్చేసిందో చూసేవా అన్నాడు. హైమ కంటిపొర తీసేసింది. అది నువ్వు నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పిన మాట మామయ్యా, బొమ్మలో ఎవరూ దిగిరారు, మనిద్దరం ఏడ్చాం గుర్తులేదా అంది. త్రినాథం ముఖం గంటు పెట్టుకున్నాడు. కన్నతల్లి లేని పిల్లని అబద్ధాలు చెప్పి పెంచేనంటావా అన్నాడు. ఆఖరికి, "మీ అమ్మ మీద ఒట్టే, ఆ బొమ్మ మొదట్నించీ అంతే," అనేశాడు.

ఏ ఒట్టయినా వేసి ఉండవచ్చు. ఆ ఒట్టు వేశాడు. హైమ అన్నం తినకుండా వచ్చేసింది. మళ్ళీ ఆదివారం వెళ్ళింది, ఆ పై ఆదివారమూ వెళ్ళింది. కూరల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఒకరినొకరు నమ్మని ఇద్దరు మనుషులు ఎంత మర్యాదగా ఉంటారో అంత మర్యాదగా ఉన్నారు. అన్నిటికన్నా కష్టం, ఒక్కోసారి హైమకే అనుమానం వచ్చేది. నిజంగా ఏడ్చామా? పరదా పడిందా? అడగడానికి లోకంలో ఉన్నది మామయ్య ఒక్కడే, అతనేమో ఒట్టేసి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ బొమ్మ పలక మీద ఉంది. వీక్షకుడి పేరు దర్జీకి చూపించరు, తూకం మాత్రమే చూపిస్తారు. ఇది బాగా తక్కువ తూకం. ఇదే చివరి ఒద్దిక, దీనికి ముద్ర పడితే మూలం కరిగింపుకు పోతుంది. ముగింపులో యంత్రం కొత్తగా కుట్టిన దృశ్యం ఉంది. చెక్క మెట్లు, మెట్ల మీద తివాచీ, పక్కన పట్టుకోవడానికి నున్నటి చెక్క కమ్మీ. మలుపులో ఇత్తడి బిందె.

హైమ ఫక్కున నవ్వింది. యంత్రం వీక్షకుడి జ్ఞాపకంలోంచి సరుకు తోడుకుంటుంది, అప్పుడప్పుడు ఇలా చెత్త కూడా వస్తుంది. మంచు దేశంలో బిందె ఎక్కడిదని బిందె తీయించింది. తరవాత తల్లి దిగడం మొదలుపెట్టింది.

చీలమండ పైకి ఉన్న గౌను వేసుకుంది ఆవిడ. కాలికి అడ్డం పడేదేమీ లేదు. అయినా మెట్టు దిగే ముందు ఎడమచెయ్యి తొడ దగ్గరికి వెళ్ళి, అక్కడ లేని దేన్నో గుప్పిట్లో పోగుచేసి, కాస్త పైకెత్తి పట్టుకుంది. మెట్టు దిగింది. మళ్ళీ వదిలి, మళ్ళీ పోగుచేసి, మళ్ళీ దిగింది. ఆ ఇంట్లో ఎవరూ చీర కట్టరు. ఆ చెయ్యి పోగుచేస్తున్నవి చీర కుచ్చిళ్ళు.

పోర్టు క్వార్టర్సులో ఇనపమెట్లుండేవి. మలుపులో నీళ్ళ బిందె ఉండేది.  బంధువుల ప్రతులు దర్జీ బల్లకి రాకుండా యంత్రం జల్లెడ పడుతుంది, కానీ ఇంటిపేరు చూసి పడుతుంది. తల్లి వైపు వాళ్ళకి ఇంటిపేరు వేరే ఉంటుందనీ, పిల్లలకి మేనమామ కూడా దగ్గరి చుట్టమేననీ దానికి చెప్పిన నాథుడు లేడు. ఆ జల్లెడ కంతలోంచి జారి, త్రినాథం మామయ్య ఒద్దిక హైమ బల్ల మీద పడింది. అతను పసిదానికి నోటితో చెప్పిన అబద్ధానికి యంత్రం బొమ్మ కట్టి అతనికే చూపిస్తోంది. ఆ బొమ్మలో మెట్లు దిగుతున్నది మాణిక్యం.

హైమకి తల్లి ముఖం ఫొటోల్లో తెలుసు. ఫొటోలు నడవవు. అమ్మ ఎలా నడిచేదో ఆమెకి ఈ క్షణం దాకా తెలియదు. మళ్ళీ వేసి చూసింది, మళ్ళీ వేసి చూసింది. కళ్ళు నిండి పలక మసకబారింది. ఆమె కంటిపొర ఆ సంగతి కూడా ఎక్కడికో చేరవేసే ఉంటుంది.

పై అధికారి భానోజీ వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. భార్య పోయి చాలాకాలమైంది. అతని ప్రతుల్లో ఏ భార్యా చనిపోదు. అసలు ఆవిడ పోయిననాడు తను ఏడ్చాడో లేదో గుర్తు రావడం లేదని ఒకసారి టీ తాగుతూ చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడ్డాడు.

"ఆ చెయ్యేంటమ్మా, చీర కట్టుకున్నట్టు? సరిచేసి ముద్ర వేసెయ్యి. కరిగింపువాళ్ళు కాచుక్కూచున్నారు," అన్నాడు.

అలాగేనండి అంది హైమ. అతను టీకి వెళ్ళాడు.

చేయవలసింది ఆమెకి తేటతెల్లంగానే ఉంది. చెయ్యి సరిచేసి ముద్ర వేస్తే మాణిక్యం చెరిగిపోయి మెట్లు మాత్రం మిగులుతాయి. మూలం కరిగిపోతుంది. మామయ్య ఆ ఒట్టుతోనే పోతాడు, ఆ తరవాత పరదా పడిందని చెప్పడానికి భూమ్మీద సాక్ష్యం ఉండదు, తన మనసు కూడా సాక్ష్యానికి రాదు. తను వేయకపోతే పక్క బల్ల దర్జీ వేస్తాడు.

శాఖలో ఒద్దిక లేనిది ఒక్కటే ఉంది, తుఫాను హెచ్చరిక. ఒకప్పుడు దాన్ని కూడా తూకం ప్రకారం కుట్టి చూపించారు. తక్కువ తూకం వాళ్ళు గాలి మెత్తగా ఉందనుకుని ఇళ్ళల్లోనే కూర్చున్నారు. గట్టు వెంబడి శవాలు ఏరినాక చట్టం వచ్చింది. హెచ్చరికలు పంపే ఆ తుఫాను మార్గంలో వెళ్ళేది ఏదైనా ఎర్ర అంచుతో అందరి కళ్ళకీ ఒకేలా వెళ్ళాలి, దాన్ని ఎవరూ కత్తిరించకూడదు, ఎన్నటికీ కరిగించకూడదు. దర్జీలందరికీ ఆ మార్గం తాళం తీయడం తెలుసు. వానాకాలం కాపలా వంతులు వేసుకునేది వాళ్ళే.

అయితే ఆ మార్గంలో ఒక్క ప్రతే పడుతుంది. అది పడగానే మిగతా ఒద్దికలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మెట్లూ పోతాయి, ఆ చెయ్యీ పోతుంది.

హైమ చివరిసారి ఆ చేతిని చూసింది. బల్ల కింద తన ఎడమచెయ్యి అలా పట్టి చూసుకుంది, కుదరలేదు. పుట్టి బుద్ధెరిగాక చీర కట్టింది ఎన్నిసార్లు గనక. మామయ్యకి ఉన్న ఒక్క సుఖం తీసేస్తున్నానని తెలుసు. అమ్మని చేతులారా చెరిపేస్తున్నాననీ తెలుసు. కానీ యంత్రం తోడి పోసిన అమ్మ కన్నా, మామయ్యతో కలిసి ఏడ్చిన ఏడుపు ఆమెకి ఎక్కువ కావలసి వచ్చింది. ఒద్దికని పక్కకి నెట్టి, మూలాన్ని పలక మీదికి ఎత్తింది. తుఫాను తాళం తీసింది. అతుకులేమైనా ఉన్నాయా అని పలక అలవాటు ప్రకారం అడిగింది. లేవు అని చెప్పింది హైమ. ఆ ఉద్యోగంలో చేరాక ఆ పలకకి ఆమె చెప్పిన మొదటి నిజం అదే. బొటనవేలు నొక్కి, సంచీ తీసుకుని బయటపడింది.

గట్టు కాలనీలో త్రినాథం అప్పటికే కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. మెట్లు దిగే బొమ్మ కదా అని ఉతికిన లుంగీ కట్టుకున్నాడు. హైమని చూసి కూర్చోమన్నాడు, మరమరాలు పెట్టాడు. కంటిపొర అంచు ఎర్రగా ఉందేమిటే, వాయుగుండమేమైనా పట్టిందా అని అడిగాడు. లేదు మామయ్యా చూడు అంది. ఇద్దరూ చూశారు. వేలు అద్దం మీద తట్టినప్పుడల్లా మామయ్య ముసిముసిగా నవ్వుకున్నాడు. చివరికి పిల్ల తలెత్తింది. కిటికీ ఖాళీగా ఉంది. నర్సు చెయ్యి వచ్చి పరదా లాగేసింది. పిల్ల చెయ్యి ఊపుతూ ఉండిపోయింది. బొమ్మ ఆగిపోయింది.

త్రినాథం ఇంకా ఎదురుచూశాడు. తరవాత కంటిపొర తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏమీ రాలేదు.

"మెట్లేవే?" అన్నాడు.

"నేనే తీసేశాను మామయ్యా."

అతను కంటిపొర తీసేసి ఆమె వైపు తిరిగాడు. కోపం వస్తుందనుకుంది హైమ. కోపం వచ్చి ఉంటే తేలికగా ఉండేది.

"పోయినోళ్ళు ఎవరికైనా ఒకసారే పోతారే. నువ్వు నా చెల్లెల్ని రెండోసారి కూడా సాగనంపేసేవు," అన్నాడు.

 గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో హైమకి అప్పుడు తెలిసింది. ఆ మాట నిజం.

బయట తలుపులు తెరుచుకుంటున్న చప్పుళ్ళు వినిపించాయి. ఎర్ర అంచు చూసి తుఫానేమోనని జనం వరండాల్లోకి వచ్చారు. ఆకాశం వంక చూశారు, గాలి లేదు. లోపలికి పోవాలో ఉండాలో తెలియక నిలబడ్డారు. ఎదురు వరుసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంటూ పక్కింటావిణ్ణి మీకూ పరదాయేనా అని అడిగింది. మాకూ అంతేనండి అంది ఆవిడ. ఇంకెవరో మూడో వాటాలోంచి మాకూనండి అన్నారు. ఆ కాలనీలో ఒకరి సినిమా గురించి ఒకరు అడగడం ఎన్నేళ్ళయిందో. హైమ చేతికున్న శాఖ పిలుపుపట్టీ అదే పనిగా అదిరింది. భానోజీ. మొదట తిట్టడానికే చేసి ఉంటాడు. తరవాత ఎందుకు చేశాడో, ఎత్తితే గొంతులో ఏం వినిపిస్తుందో ఆమెకి తెలియదు. ఎత్తలేదు. రేపటికి ఉద్యోగం ఉండదు, శాఖ కాపలావాళ్ళు పట్టుకుపోవడానికి రాత్రికే రావచ్చు. వచ్చినా తుఫాను మార్గంలో వెళ్ళినదాన్ని వాళ్ళేమీ చేయలేరు.

త్రినాథం ఆ మాటలన్నీ విన్నాడు.

"అందరికీ ఇదేనా?" అన్నాడు.

"అందరికీ."

"నీక్కూడా?"

"నాక్కూడా మామయ్యా."

అతను తల ఊపాడు. మరమరాల గిన్నె కింద పెట్టాడు. హైమ ధైర్యం కూడగట్టుకుని, అమ్మ మెట్లు ఎలా దిగేదో ఒకసారి చూపించమని అడిగింది.  అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వరండా దాటి, మేడ మెట్లు ఎక్కాడు. మలుపు దాకా ఎక్కి వెనక్కి తిరిగాడు. హైమ కింద నిలబడి తలెత్తి చూసింది. ఎదురు వరుసలోవాళ్ళు మాటలు ఆపి చూశారు.

త్రినాథం ఎడమచేత్తో లుంగీ కుచ్చిళ్ళు పోగుచేసి, కాస్త పైకెత్తి పట్టుకున్నాడు. ఒక మెట్టు దిగాడు. వదిలి, మళ్ళీ పోగుచేసి, ఇంకో మెట్టు దిగాడు. పలక మీద చూసిన చెయ్యే, తేడా లేదు. ఇంకో మెట్టుకి కాలు చాచి, ఆగిపోయాడు. గోడ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. 

"ఇంతవరకే నిజం," అన్నాడు పైనుంచే. "కిందికి రావడం నేను కల్పించిందేనే, అమ్మా."